టోకెన్ తెర మీద అత్త నంబరు

మా అత్తకు నోరు పడిపోయి ఇది రెండో ఏడు. నా వల్లనే అని ఇంట్లో ఎవరూ అనరు. అంటే బాగుండేది. నాలుగు మాటలు ఎదురు చెప్పి, కొట్లాడి, ఊరుకునేవాణ్ణి.

ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రికి వెబ్ పేజీలు చేసే పని నాది. పెద్ద ఆసుపత్రేం కాదు. ఒక డాక్టరు, మూడు గదులు, వరండాలో గోడకు ఒక టీవీ. ఆ టీవీలో టోకెన్ నంబర్లు చూపించే పేజీని నాకు ముందు ఎవరో చేసి వదిలేసి పోయారు. దాంట్లో ఏ బటన్ నొక్కితే ఏ నంబరు ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. ఒకే జాబితాను కోడ్‌లో పదిచోట్ల నుంచి పది రకాలుగా దిద్దడమే దానికి కారణం. లోపల డాక్టరు కంప్యూటర్లో పన్నెండు నడుస్తుంటే బయట టీవీలో తొమ్మిది కనిపించేది. తొమ్మిదో మనిషి లేచి లోపలికి పోతే పన్నెండో మనిషి తలుపు దగ్గర కేకలు వేసేవాడు.

ఆ రోజుల్లోనే నాకు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పిచ్చి పట్టింది. పిచ్చి అనే మాటే సరిగ్గా సరిపోతుంది. కోడ్ రాసే ఒక పద్ధతి అది. దాని ప్రకారం, ఒకసారి తయారైన జాబితాను మళ్లీ ముట్టుకోకూడదు. ఎవరైనా వస్తే పాత జాబితాను చూసి కొత్తది తయారుచేయాలి. పాతది పాతదిగానే ఉంటుంది. తెర ఆ జాబితాకు అద్దం, అంతే. ఒకే జాబితా ఇస్తే ఒకే తెర రావాలి, ఈ రోజు ఇచ్చినా ఏడాది తర్వాత ఇచ్చినా, నేనిచ్చినా నాకు గిట్టనివాడిచ్చినా. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నాకు కోపం ఎక్కువ. మనిషిని బట్టి మర్యాద, ఇంటిపేరును బట్టి పని జరగడం చూసీ చూసీ విసిగిపోయినవాణ్ణి. అందరికీ ఒకే జవాబిచ్చే పద్ధతి ఒకటి లోకంలో ఉందంటే, అది కోడ్‌లోనైనా సరే, గుండె నిండిపోయింది.

ఎందుకంటే ఆ వరండాలో జరిగేది దానికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. తలుపు దగ్గర ఒక కాంపౌండరు కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి. పాత పేజీలో నంబర్లను ముందుకు జరిపే బటన్ ఒకటుండేది, అది ఆయన సొత్తు. పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటి మనుషులు కారు దిగారంటే చాలు, లేచి నిలబడి నొక్కేవాడు. తెల్లారేసరికే రాజుపాలెం నుంచి వచ్చి కూర్చున్న కూలివాళ్లు ఊరికే చూస్తూ ఉండేవాళ్లు. ఆ బటన్ కనపడితే నాకు ఒళ్లు మండేది.

కొత్త పేజీలో దాన్ని తీసేశాను. జాబితా రెండే సంగతులకు మారుతుంది. మనిషి వచ్చాడు, మనిషి లోపలికి పోయాడు. మూడోది లేదు.

కాంపౌండరు ఒక పూట చూసి నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, ముందరికి జరిపేది యాడుంది?"

"లేదన్నా. తీసేసినా."

"తీసేస్తే ఎట్లా? పెద్దోళ్లకే నొక్కుతాననుకుంటాండావా? జబ్బు ముదిరినోళ్లు వస్తారు. మొగం జూస్తే తెలుస్తాది నాకు. వాళ్లను కూడా ఈడనే కూచోబెట్టల్లనా?"

"అందరూ జబ్బుతోనే వస్తారు కదన్నా."

ఆయన తిరిగి తలుపు దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేను గెలిచానని సంబరపడ్డాను. నిజం చెప్పాలంటే ఆయన మాట నాకు అర్థమైంది. ఈ మనిషికి తొందర అని మూడో సంగతి ఒకటి చేర్చడం ఆ పద్ధతిలో నిషేధమేమీ కాదు. పది వరుసల కోడ్ పని. జాబితా అప్పుడూ కొత్తగానే తయారవుతుంది, ఏ నియమమూ చెడదు. నేనే చేర్చలేదు. మళ్లీ అది కారు దిగినవాళ్లకే పోతుందని నా పంతం.

పేజీ చక్కగా పనిచేసింది. కేకలు ఆగిపోయాయి. డాక్టరు నన్ను పిలిపించి కాఫీ ఇప్పించాడు. నంబర్లు దిద్దే పని లేనప్పుడు తలుపు దగ్గర మనిషి ఎందుకని, నెల తిరక్కుండానే కాంపౌండరును మానిపించారు. ముద్దనూరులో ఒక మందుల షాపులో చేరాడని విన్నాను. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

మా అత్తది జమ్మలమడుగు. నాన్నకు అక్క. ఒక ఉదయం తలనొప్పిగా ఉందని ఒక్కతే బస్సెక్కి ఆ ఆసుపత్రికే వచ్చింది. నేను అదే ఆసుపత్రి మేడమీద గదిలో పనిచేసుకుంటున్నాను. ఫోన్ చేసింది.

"అబ్బీ, నలభై ఒకటి ఇచ్చినారు నాకు. ఇప్పుడు పద్దెనిమిది నడుస్తాంది. తల శానా తిరుగుతాంది, కుడి చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది. రోంత ముందర పంపిస్తారేమో జూడు నాయనా."

"అత్తా, మన మనిషివని నిన్ను పంపిస్తే రేపు నన్ను ఎవురు నమ్ముతారు? అందరికీ ఒకటే. కూచో, వస్తాది."

"సరేలే," అంది.

ఒకసారి కిందికి దిగి చూసి వచ్చి ఉండొచ్చు. ఎన్నో మెట్లు లేవు. దిగితే మనసు మారుతుందని దిగలేదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ పూట నా మీద నాకే గౌరవం కలిగింది. ఈ టీవీలో నంబర్లు మా అల్లుడే జేసినాడని అత్త పక్కామెతో గొప్పగా చెప్పుకుందట. ముప్పై మూడు నడుస్తుండగా కుర్చీలోనే ఒరిగిపోయింది.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కర్నూలు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు, ఇంకా ముందే చూపించి ఉంటే, అని మొదలుపెట్టి నన్ను చూసి ఆపేశాడు. ప్రాణం దక్కింది. కుడి వైపూ మాటా పోయాయి.

పాతది చెరపకూడదన్నది నియమం కాబట్టి ఆ పూట జాబితాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూశాను. నలభై ఒకటి ఒక్కో గడి ముందుకు జరుగుతూ ఉంది. ఏ జాబితాలోనూ ఒక్క తప్పు లేదు. ఆ రోజు ఏడ్చినట్టు నేనెప్పుడూ ఏడవలేదు.

ఆ వారమే మూడో సంగతి చేర్చి, దానికి ఒక ఎర్ర బటన్ పెట్టాను. ముద్దనూరుకు పోయి కాంపౌండరును తిరిగి రమ్మని బతిమాలాను. "నాకేం పని ఆడ? మీ టీవీ ఉంది గదా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మందులు పొట్లం కడుతూ అన్నాడు.

మా ప్రొద్దుటూరు డాక్టరు పులివెందులలో కొత్తగా ఇంకో ఆసుపత్రి తెరిచాడు. అక్కడా అదే పేజీ పెట్టడానికి నన్నే పంపించాడు. పోనని చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. టోకెన్లిచ్చే అమ్మాయి కొత్తగా చేరింది. నంబర్లు ఎలా ఇవ్వాలో చెప్పి, చివరగా ఆ ఎర్ర బటన్ చూపించాను.

"ఇది ఎవురికి నొక్కల్లన్నా?"

"తొందరగా చూడాల్సినోళ్లకు."

"వాళ్లెవురో నాకెట్లా తెలుస్తాది?"

వరండాలో ఇరవై మంది దాకా ఉన్నారు. ఆ అమ్మాయి నా జవాబు కోసం కూర్చుని ఉంది. నేను ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ పోయాను, చివరి కుర్చీ దాకా. నాకు ఏమీ తెలియలేదు.