రింకు గచ్చు

మా తాత ఒక వేసవిలో ఊటీకి వెళ్లి, అక్కడివాళ్లు కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరగడం చూసి వచ్చాడు. వచ్చిన ఏడాదే పంజాగుట్టకూ అమీర్‌పేటకూ మధ్య ఉన్న మా బంగళా వెనక గుర్రపుశాల పడగొట్టించి, స్కేటింగ్ రింకు కట్టించాడు. కట్టించింది ఇంటి పిల్లల కోసం, వచ్చిపోయే చుట్టాల కోసం. టికెట్టు పెట్టింది మా నాయన. అప్పటికి ఊళ్లో భూములు పోయాయి. బంగళా ముందుభాగం కూడా పోయి, అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. పోయినవాటిని తలుచుకుని మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. రింకు మిగిలింది, దాన్ని సరిగ్గా నడపడమే మా పని అనేవాడు నాయన. ఆయన తర్వాత ఆ పని నేను తీసుకున్నాను.

రింకులో అసలు ఆస్తి గచ్చు. పాలరాతి ముక్కలు సిమెంటులో కలిపి, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా ఒకే పలకలా పోయించి, నెలల తరబడి రాళ్లతో రుద్దించాడు తాత. షాబాదు బండలు పరిస్తే చవకగా అయ్యేది, కానీ బండకూ బండకూ మధ్య సందులో చక్రం తగులుకుంటుంది. ఆ గచ్చు మీద చెప్పులతో ఎవరూ నడవకూడదు. మంత్రులు వచ్చినా విప్పించాడు తాత, విప్పారు.

ఇంకో ఆచారం కూడా ఆయన పెట్టిందే. రోజూ మొదటి చుట్టు ఇంటివాళ్లది. గేటు తీశాక, వచ్చినవాళ్లంతా స్కేట్లు కట్టుకుని కటకటాల బయట నిలబడాలి. ఇంటి మనిషి ఒక్కరే, చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త వంచి, గచ్చంతా ఒక చుట్టు తిరిగి రావాలి. బయటివాళ్లకు అది మా దర్పంలా కనిపించేది. దర్పం లేదని నేను చెప్పను. కానీ ఆ చుట్టులో కన్ను గచ్చు మీదే ఉంటుంది. పల్లీ తొక్క, గుండుసూది, ఇసుక పలుకు, ఏది ఉన్నా ఏరేసి వస్తాం. తాత తర్వాత నాయన తిరిగాడు, నాయన తర్వాత నేను, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని.

అమీర్‌పేట మారిపోయిన రోజులవి. మైత్రీవనం భవనం చుట్టూ గోడ కనిపించకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు చేతిలో ఫైలు పట్టుకుని, జావా ఎక్కడ బాగా చెప్తారో ఒకరినొకరు అడుగుతూ తిరిగేవాళ్లు. హాస్టల్ గదుల్లో ఊపిరాడక సాయంత్రాలు కొందరు మా రింకుకు వచ్చేవాళ్లు. ఎక్కువమందికి స్కేట్లు అదే మొదటిసారి. పడేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు.

రింకులో సగం నాది, సగం మా అన్నది. అన్న లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. ఒక ఆదివారం వచ్చి కూర్చున్నాడు.

"చెల్లె, జమానా మారింది. మైత్రీవనంల జాగ లేక పిల్లలు మెట్ల మీద కూసోని పాఠం వింటున్నరు. మనం గీ చక్రాలాట పట్టుకొని కూసుంటే ఎట్ల?"

"చక్రాలాట కాదు, రింకు."

"సరే, రింకు. ఒక కోచింగ్ సెంటర్ సారు మొత్తం హాలు కిరాయికి అడుగుతుండు. నువ్వు ఒప్పుకోకపోతే నా సగం నాకియ్యి. మధ్యల గోడ పెట్టుకుంట."

గోడ పెడితే రెండు గదులు మిగులుతాయి, రింకు మిగలదు. అన్నకు ఆ సంగతి తెలుసు. "తీసుకురా, చూస్తాను" అన్నాను.

"తీస్కొస్త. ఆరోజు నీ దొరసానితనం జర ఇంట్ల పెట్టి రా."

ఆ సారును సరిగ్గా గేటు తీసే వేళకు తీసుకొచ్చాడు. కోస్తా మనిషి, చేతిలో రెండు సెల్‌ఫోన్లు, మాట మర్యాద. మాట్లాడుతూనే బూట్లతో గచ్చు మధ్యదాకా నడిచాడు.

"బూట్లు విప్పండి," అన్నాను.

ఆయన మా అన్న వైపు చూశాడు. అన్న కప్పు రేకుల వైపు చూశాడు. ఆయనే వెనక్కి వచ్చి విప్పాడు.

కటకటాల బయట స్కేట్లు కట్టుకుని నిలబడ్డవాళ్లలో సగంమంది ఆయన దగ్గర చదువుకునేవాళ్లే. "మేడమ్, టైమైంది," అన్నారెవరో. నేను స్కేట్లు కట్టుకోవడానికి వంగాను. అన్న పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఈ ఒక్కరోజు తిరగకుంటే ఏం పోతది? మనిషి చూస్తుండు."

"చూడనియ్యి."

తిరిగాను. మామూలుగానే, తొందర లేకుండా. బయట రోడ్డు తవ్వుతున్నారు, ఆయన బూట్ల నుంచి రాలిన కంకర పలుకులు గచ్చు మధ్యలో కనిపించాయి. ఏరి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఏంటండీ ఇది?"

"మీ బూట్లతో వచ్చింది. దీనిమీద చక్రం ఎక్కితే మీ స్టూడెంట్ పళ్లు రాలతాయి."

బయట నవ్వులు. "సార్, మీరు కూడా ఎక్కండి సార్," అని ఒకమ్మాయి అరిచింది. "ఇక్కడ కూడా డెమో క్లాస్ ఫ్రీయే."

ఆయనా నవ్వాడు. "ట్రైనర్ గారా అండీ?" అని అన్నను అడిగాడు.

అన్న నా వైపు చెయ్యి చూపించాడు. "మా చెల్లె. ఓనరు."

పిల్లలు గచ్చు మీదకు వచ్చారు. ఆయన అంచున నిలబడి హాలు కొలతలు చూసుకున్నాడు. "స్తంభాలు లేవు, భేషుగ్గా ఉందండీ. పార్టిషన్లు పెట్టి మూడు క్లాసులు చేస్తాం. కింద డ్రిల్ చేసి బోల్టులు బిగిస్తే కదలవు."

"గచ్చుకు చిల్లు పడకూడదు."

"పోనీ పార్టిషన్లు వద్దు. కుర్చీలు వేసుకుంటాం."

"కుర్చీ కాళ్లు గీరుతాయి. అవీ రావు."

"ఇగ మధ్యల గోడే," అన్నాడు అన్న, ఆయన ముందే.

నేను సారు వైపే తిరిగి చెప్పాను. "పొద్దున హాలు ఖాళీ. మధ్యాహ్నం దాకా మీరు తీసుకోండి. జంపఖానాలు పరిచి కూర్చోబెట్టండి. సుద్దముక్క వాడకూడదు, ఆ పొడి పడితే చక్రం పట్టు తప్పుతుంది. మార్కర్ బోర్డు పెట్టుకోండి. సాయంత్రం రింకు రింకే."

"సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు కింద కూర్చుంటారా అండీ?"

కటకటాలు పట్టుకుని రొప్పుతున్న ఒక కుర్రాడు విన్నాడు. "మెట్ల మీద కూసుంటలేమా సార్? గిది నయం. కాళ్లన్న చాపుకోవచ్చు."

ఆయన కాసేపు ఫోన్లు చేతులు మార్చుకున్నాడు. సోమవారం మొదలుపెట్టాల్సిన బ్యాచ్‌కు ఆయన దగ్గర చోటు లేదని తర్వాత తెలిసింది. "సరేనండీ, మీ షరతుల ప్రకారమే," అన్నాడు.

అట్లా మా రింకులో పొద్దున జావా, సాయంత్రం చక్రాలు. పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నట్టు వరసల్లో కూర్చుని, ఒళ్లో నోట్సులు పెట్టుకుని రాసుకునేవాళ్లు పిల్లలు. మధ్యాహ్నం జంపఖానాలు గల్లీలో దులిపించి, గచ్చు తడిబట్టతో తుడిపించేదాన్ని. పొద్దున కింద కూర్చున్నవాళ్లు సాయంత్రం అదే చోట నిలబడడానికి తంటాలు పడేవాళ్లు. అన్న గోడ మాట ఎత్తలేదు, వదలనూ లేదు. ఆఫీసు నుంచి వస్తూ కటకటాల దగ్గర ఆగి జనాన్ని చూసి పోయేవాడు.

తర్వాత అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూతపడుతున్నాయన్న వార్తలు వచ్చాయి. జంపఖానాల మీద వరసలు పలచబడ్డాయి. ఒకరోజు సారు మార్కర్ బోర్డు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మేడమ్ గారూ, ఉన్న బ్యాచీలు మా ఆఫీసులోనే సరిపోతాయండీ. మీ హాలు మీకు అప్పగిస్తున్నా." నాలుగు మూలలూ తిరిగి చూపించాడు. ఒక్క గీత లేదు. మర్యాదగల మనిషి, ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పాను.

ఆ సాయంత్రం అన్న వచ్చాడు. గోడ సంగతి ఇప్పుడు తేలుతుందని అనుకున్నాను. లోపల జనం బాగానే ఉన్నారు. కటకటాల మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాడు.

"సారు పాయె. ఇంకెవరినన్న చూడాల్నా?" అన్నాడు.

"చూడు. షరతులు అవే."

"కుర్చీ లేకుండ, సుద్ద లేకుండ పాఠం చెప్పేటోడు ఇంకెక్కడ దొరుకుతడు?" అని తల గోక్కున్నాడు. "కాల్ సెంటరోళ్లు పొద్దుగాల డ్యూటీ దిగి ఇదే తొవ్వల పోతున్నరు. చాయ్ బండి కాడ నిలబడి ముచ్చట్లు పెడుతున్నరు, ఇంటికి పోతలేరు. వాళ్లు వస్తరు గావచ్చు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంది, రింకుకు. పొద్దున సుత తెరువు. గేటు నేను తీస్త, ఆఫీసుకు పోయే ముందు."

"పొద్దున గచ్చు చల్లగా ఉంటుంది, చక్రం బాగా పరిగెత్తుతుంది," అన్నాను. "తాళంచెవి ఇస్తాను, రేపే తీయి."