తుమ్మమొద్దుకు కట్టని గాలం

పాత సైకిల్ బ్రేకు తీగను చౌడమ్మ పోగులుగా విప్పుతోంది. రెండు పోగులు కలిపి మెలితిప్పి, ఒక కొసకు పెద్ద గాలం బిగించింది. రెండో కొసకు తాళాల గుత్తికి ఉండే తిరిగే కొక్కెం కట్టింది. నైలాను దారమైతే వాలుగ చేప పళ్లకు ఆగదు. కొక్కెం ఉంటే, చేప ఎంత పొర్లినా తీగ మెలిపడదు.

సదుం దగ్గరి చెరువులో చేపలు పెంచుకునే హక్కు చౌడమ్మది, ఆమె తమ్ముడు మునస్వామిది. పోయిన వానలకు పై చెరువు పొర్లి, బారెడు పొడుగు వాలుగ ఒకటి ఇందులోకి దిగింది. పొడవాటి మీసాలు, చెవుల దాకా చీలినట్టుండే నోరు. దాన్ని అక్కడివాళ్లు మంచినీళ్ల సొర అంటారు. అక్కాతమ్ముళ్లు వదిలిన చేపపిల్లలు చాలావరకు దాని కడుపులోకే పోయాయి.

పొద్దున్నే చేపల సంఘం పెద్ద గురుమూర్తి కట్ట మీదికి వచ్చి చెప్పిపోయాడు.

"రేపు సేపపిల్లల బండి వస్తాది చౌడమ్మా. వాలుగ ఇంకా నీళ్లలోనే ఉంటే బండిని పక్క చెరువుకు తిప్పేస్తాను. దాన్ని మేపేదానికి సంఘం లేదు."

ఈ ఏడాది చేపపిల్లలు పడకపోతే చెరువు ఇంకొకరి చేతికి పోతుంది. వల వేద్దామంటే నీటి అడుగున చాలావరకు తుమ్మమొద్దులే. వేసిన ప్రతిసారీ వల చినిగి వచ్చింది.

చౌడమ్మ కుప్పంలో పుట్టింది. చాలాకాలం మదనపల్లె మార్కెట్లో టమోటా బుట్టలు మోసింది. వల అల్లడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. చినిగిన వలను ఒళ్లో పెట్టుకుని, ఒక్కో ముడీ విప్పి చూసి, మళ్లీ అదే ముడి వేసి నేర్చుకుంది.

మునస్వామి చంకలో కోడితో వచ్చాడు.

"గంగమ్మకు కోడి కోద్దామక్కా. గాలాలతో అయ్యే పని కాదిది."

"కొయ్యప్పా. కూర నువ్వు తిను, పేగులు నాకియ్యి. ఎరకు కావల్ల."

"అమ్మవారి కోడి పేగులు ఎరకా?"

"అమ్మవారు పేగులు యాడ తింటాదిరా."

ఎర గుచ్చి, తీగ కొక్కేనికి తాడు తగిలించి, ఆ తాడును నీళ్లలోని గట్టి తుమ్మమొద్దుకు కట్టి గాలం వేశారు. మధ్యాహ్నానికి తాడు సర్రున బిగిసింది. మొద్దు కదల్లేదు. నీళ్లు ఒక్కసారి ఎగిరిపడి, తాడు వదులైపోయింది. పైకి లాగితే గాలం సూదిలా నిటారుగా సాగి ఉంది.

"సూస్తివా? నేను ముందే చెప్తి," అన్నాడు మునస్వామి.

చౌడమ్మ గాలాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "తీగ తెగలా, ముడి జారలా. కట్టిన చోటే తప్పు."

నిండు బుట్టను నెత్తికెత్తుకునేటప్పుడు మోకాళ్లు వంచకపోతే మెడ పట్టేస్తుంది. ఒంగని చోటే బరువు దెబ్బ కొడుతుంది. మొద్దు ఒంగలేదు, గాలం సాగింది.

ఇంట్లో ఉన్న ఖాళీ నూనె డబ్బాలన్నీ తెచ్చి, మూతలు బిగించి, వరుసగా తాడుకు కట్టింది. వాగు నీళ్లు చెరువులో కలిసేచోట మొద్దులు లేవు, అడుగున ఇసకే. పొద్దు వాలుతుండగా చిన్న చేపలు అక్కడ ఎగిరెగిరి పడుతున్నాయి. వాటిని తరిమేది కింద ఉందన్నమాట. కొత్త గాలానికి ఎర గుచ్చి, తాడును దేనికీ కట్టకుండా అక్కడ వదిలింది.

కాసేపటికి డబ్బాలు గుభీమని మునిగాయి. కొంత దూరంలో తేలాయి. మళ్లీ మునిగాయి. మునస్వామి ఇద్దరూ కూర్చున్న పుట్టి పడవను అటు తోసి తాడు అందుకోబోయాడు.

"ముట్టొద్దురా. దాన్ని అలిసిపోనీ."

"మొద్దుల్లోకి పోతే?"

"డబ్బాలు పోనిస్తే కదా."

డబ్బాలు మునగడం తగ్గుతూ వచ్చింది. చివరికి తేలినచోటే ఊగుతూ ఉండిపోయాయి. అప్పుడు చౌడమ్మ చేతికి తడి గోనెపట్టా చుట్టుకుని తాడు లాగింది. పుట్టి పక్కన వెడల్పాటి తల పైకొచ్చింది. మునస్వామి పుట్టిని తీరానికి తోశాడు.

తెల్లవారి గురుమూర్తి ఆటోలో వచ్చాడు. తీరాన నీళ్లలో కట్టేసి ఉన్న వాలుగను చూసి, ఫోన్ తీశాడు.

"బండిని ఈడికే రమ్మను." ఫోన్ పెట్టేసి అడిగాడు: "ఇంకోటి దిగితే ఏం జేస్తావమ్మా?"

"డబ్బాలు యాడికీ పోలేదు కదప్పా."

ఆమె చేప నోట్లోంచి గాలం జాగ్రత్తగా తీసి, కడిగి, తాడుకు చుట్టిపెట్టింది. ఆటోలో మదనపల్లె మార్కెట్‌కు పంపాల్సిన వాలుగను గోనెసంచిలోకి దించి, మూతి కట్టి, గురుమూర్తి చేతికి అందించింది.

"రెండు చేతులా పట్టుకోప్పా. జారతాది."