నాయన ఎద్దులను తోలిన మునిశామప్ప

ఈ రోజు చింతామణి దగ్గర ఎడ్లబండి పందెం జరిగింది. రెండు నెలల కిందట గుండె ఆపరేషన్ అయిన మా నాయన ఇంట్లోనే ఉండిపోయాడు. పందెం దగ్గరికి పోతే అరవకుండా ఉండలేడని డాక్టరుకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆపరేషన్‌కు ముందు నాయన ఎద్దులను అమ్మేస్తానన్నాడు. రోజూ పరిగెత్తించకపోతే పందెపు ఎద్దులు పాడైపోతాయని ఆయన దిగులు. అది విని, ఇరవై ఏళ్లుగా పందేల్లో నాయనతో పోటీపడే మునిశామప్ప మా ఇంటికొచ్చి ఎద్దులను విప్పి తోలుకుపోయాడు. అప్పటినుంచి తోటి పందెగాళ్లంతా వంతులవారీగా వాటికి మేత వేసి, పరుగు పెట్టించారు.

ఈ రోజు మా ఎద్దులను మునిశామప్పే తోలాడు. ఆయన సొంత జతను వాళ్ల తమ్ముడు తోలాడు. సాయంత్రం బండి మా ఇంటి ముందు ఆగగానే, నాయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గేటు దాకా నడిచాడు.

"నీ ఎద్దులు ఫస్టొచ్చినాయప్పా, నావి సెకండు. నా పెండ్లాం ఇంట్లోకి రానిస్తాదో లేదో!" అన్నాడు మునిశామప్ప.

"నేను తోలింటే ఇంకా ముందే వచ్చుండేవి," అన్నాడు నాయన.

"అయితే బిరీన లేసి తోలప్పా. నిన్ను ఓడించక శానా దినాలాయ."

నాయన పకపకా నవ్వాడు. కుట్లు లాగుతాయని రొమ్ము అదిమిపట్టుకుని మరీ నవ్వాడు. ఆ నవ్వు విని రెండు నెలలైంది. నేను కాఫీ తెచ్చేలోపే ఎద్దుల మేత గురించి ఇద్దరికీ గొడవ మొదలైంది.

ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. విడదీయాలా, వద్దా? మీరే చెప్పండి.