కవిత్వం కూడా ఉంటుంది

మెరింగల్ అనే చిన్న ఊరి గ్రంథాలయంవాళ్ళకు చైనా గురించి చెప్పే మనిషి కావలసి వచ్చింది. ఊళ్ళో ఉన్న చైనావాళ్ళే వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అందులో ఒకాయనకు హోటలు పనితోనే సరిపోతుంది, ఇంకొకావిడ మలేషియాలో పుట్టి పెరిగింది. ఇక మిగిలింది తాన్ శూయిన్. చైనా దక్షిణాన హునాన్‌లో ఒక చిన్న పట్నం బళ్ళో ముప్పై ఏళ్ళు సాహిత్యం చెప్పి, భర్త పోయాక, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కూతురు యాన్ దగ్గర చేరిన టీచరమ్మ. నెలకో శనివారం ఆమె మాట్లాడాలి, కూతురు ఇంగ్లీషులో చెప్పాలి. అడగ్గానే ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ సంబరం ఊరికే కాదు. భర్త పెంగ్ మోలిన్ ఎరువుల ఫ్యాక్టరీలో గుమాస్తా. బతికినన్నాళ్ళూ కవిత్వం రాశాడు, ఒక్కటీ అచ్చు కాలేదు. పత్రికలకు పంపినవి పంపినట్టే గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చేవి. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీంచి భార్య చెయ్యి పట్టుకుని, "ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి పదిమంది ముందు చదువు. బాగుందని అననక్కర్లేదులే, వింటే చాలు" అన్నాడు. ఆమె సరేనంది. సొంత ఊళ్ళో ఆ మాట నిలబెట్టుకునే లోపే ఇల్లమ్మి కూతురి దగ్గరికి రావలసి వచ్చింది.

మొదటి శనివారం 'నేటి చైనా' అన్నారు. రెగ్ అనే ముసలి రైతు ముందు వరసలో కూర్చుని, "మా దేశపు బార్లీ కొనడం అప్పట్లో మీ చైనావాళ్ళెందుకు మానేశారండీ?" అని నిలదీశాడు. టీచరమ్మ జన్మలో బార్లీ గింజ కొన్న పాపాన పోలేదు. వెనక బెంచీలో ఎవరో వీడియో తీయడానికి ఫోను ఎత్తి పట్టుకున్నారు. చైనాలో తమ్ముడిది సర్కారు ఉద్యోగం, తన నోటి మాట అక్కడిదాకా పోతే వాడికి ముప్పని గుర్తొచ్చి ఆమెకు చెమటలు పట్టాయి. "మా రైళ్ళు చాలా వేగంగా పోతాయి" అని చెప్పి కూర్చుంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని, నేటి చైనాను అంతటితో వదిలేశారు.

రెండో నెల సాహిత్యం. ముగ్గురొచ్చారు. వాళ్ళలో ఒకాయన ఆదాయపు పన్ను సలహాల గది అనుకుని వచ్చాడట. మర్యాదస్తుడు, లేవలేక చివరిదాకా కూర్చున్నాడు. ముగ్గురికి చదివితే మాట చెల్లదని ఆమె భర్త కాగితం సంచిలోంచి తీయనే లేదు.

గ్రంథాలయం చూసే గ్లెనిస్ మంచి మనిషి. "శూయిన్, ఏమీ అనుకోకండి. డంప్లింగులు పెట్టామనుకోండి, జనం వాళ్ళే వస్తారు" అంది.

ఇంటికొచ్చాక యాన్ నవ్వింది. "నీకు డంప్లింగులు చెయ్యడం వచ్చా అమ్మా?"

"ఎక్కడ్నించి వస్తుందే! అవి ఉత్తరాదివాళ్ళ తిండి. మనింట్లో అన్నం, మిరపకాయలే కదా. మీ నాన్నయితే వాటి మొహం చూసేవారా? పిండి తిత్తిలో మాంసం కుక్కితే అదో వంటా, అన్నం లేని పూట పూటే కాదు అనేవారు."

"మరి ఒద్దని చెప్పెయ్."

"ఒద్దంటే పదిమంది ఎలా వస్తారే?"

ఫోనులో చూసి నేర్చుకుంది. కజ్జికాయల్లా అంచులు మడతపెట్టడం మొదట్లో చేతకాక, సగం కుండలోనే నోళ్ళు తెరిచాయి. వారం తిరిగేసరికి చెయ్యి తిరిగింది. గ్రంథాలయం గోడకు అంటించిన కాగితం మీద 'డంప్లింగుల విందు' అని ఇంత లావున రాసి, అడుగున చీమతలకాయంత అక్షరాలతో 'కవిత్వం కూడా ఉంటుంది' అన్నారు. అది చూసి కూడా ఆమె నొచ్చుకోలేదు. ఉంటుంది కదా, అది చాలు అనుకుంది.

ఆ శనివారం హాలు నిండిపోయింది. గోడల వెంబడి కూడా నిలబడ్డారు. చదవడం అయ్యేవేళకు వేడివేడిగా అందుతాయని ఆమె ముందే ఆవిరి గిన్నెలు పొయ్యి మీద పెట్టించి, కాగితం విప్పింది. ఒక్కో పాదం ఆమె చదువుతుంటే యాన్ ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది.

"వాన రాత్రి పక్కింటివాళ్ళు గొడుగు అడిగారు,
ఉన్న ఒక్క గొడుగూ ఇచ్చేశాం.
పైకప్పు కారేచోట పట్టుకునేది అదే అని
మనమిద్దరం వాళ్ళకు చెప్పలేదు."

కమ్మటి వాసన హాలంతా కమ్ముకుంది. ముక్కులు తిరిగాయి, ముక్కుల వెంట తలలు తిరిగాయి. రెగ్ చెయ్యెత్తాడు. కవిత గురించే అడుగుతాడని ఆమె మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు భర్త రాసినదానికి ఒక ప్రశ్న!

"లోపల పెట్టింది పంది మాంసమేనా అండీ? మా ఆవిడ తినదు" అన్నాడు రెగ్.

అందరూ గొల్లున నవ్వారు. అంతలో పొయ్యి దగ్గర ఉడికాయన్న గంట మోగింది. ఎవరూ లేవమనలేదు, అందరూ లేచారు. చూస్తుండగానే వరస కట్టారు. చేతిలో కాగితం మీద ఇంకా ఒక పాదం మిగిలి ఉంది. ఆయన ప్రత్యేకంగా భార్య గురించి రాసింది ఆ ఒక్క పాదంలోనే. టీచరమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఏప్రన్ కట్టుకుని వడ్డించడానికి వెళ్ళింది. వేరే ఏం చేస్తుంది?

"మన దగ్గరికి ఇంతమంది ఎప్పుడూ రాలేదు!" అని గ్లెనిస్ వచ్చి కావలించుకుంది. "వచ్చే నెలా ఇలాగే చేద్దాం. కవిత్వం మాత్రం కాస్త చిన్నది చూడండి, ఏం?"

తల్లీకూతుళ్ళు ఇంటికొచ్చారు. ఇంట్లో మోలిన్ ఫోటో ముందు రోజూ చిన్న గిన్నెలో అన్నం, పక్కన అన్నం తినే పుల్లలు పెట్టడం ఆమె అలవాటు. ఆ పూట అన్నం వండలేదు. ఆ సంగతి వంటింట్లోకి వెళ్ళాకగానీ గుర్తు రాలేదు.

"చివరి పాదం ఇక్కడ చదువమ్మా, నేను వింటాను" అంది యాన్.

"నువ్వొక్కదానివేగా. ఆయన పదిమందిని అడిగారు."

సంచిలోంచి డబ్బా తీసి, అడుగున మిగిలిన నాలుగు డంప్లింగులు గిన్నెలో సర్ది ఫోటో ముందు పెట్టింది. పుల్లలు పక్కన పెట్టింది.

"అన్నం లేదండీ ఇవాళ" అంది. "పదిమంది కాదు, వందమంది వచ్చారు. తినండి. వాళ్ళందరూ వచ్చింది వీటికోసమే."