నూరో ట్రిప్పు

మా అక్కకి కోపమొస్తే తిట్టదు, వస్తువులు విసరదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది. ఆ రోజు డిపో మేనేజర్ గదిలోంచి తిన్నగా షెడ్డుకొచ్చి, నేను బస్సు కింద నట్లు బిగిస్తున్నంతసేపూ కళ్లజోడు తుడుస్తూనే ఉంది.

“పాత కంప్యూటర్ తీసేస్తారట. దాంతోపాటే నా ప్రోగ్రాములూ,” అంది.

మా డిపోలో నలభై ఇద్దరు డ్రైవర్లు. రోజూ ఎవరు ఏ ట్రిప్పు నడపాలో చెప్పే డ్యూటీ చార్టుని ఇరవై ఆరేళ్లుగా అక్క ప్రోగ్రాములే అచ్చు వేస్తున్నాయి. అన్నీ కోబాల్ అనే పాత భాషలో రాసినవి. కొత్త కంప్యూటర్‌కి ఆ భాష ఒక్క ముక్క రాదు. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొనేస్తే పోతుందని పైవాళ్ల మాట. అదే జరిగితే అక్క టికెట్ల కౌంటర్లో కూచుని, క్యూలో కొట్టుకునే జనాన్ని సముదాయించాలి. నోట్లో నాలుక లేని మనిషి, ఆమె వల్ల అయ్యే పనేనా?

“కొత్త భాషలో మళ్లీ రాసెయ్,” అన్నాను.

“లక్ష వరుసలురా. రాసేలోపు రిటైరవుతాను. వర్చువల్ మెషీన్ మీద నడిపిస్తా.”

“అదెక్కడుంది?”

“కంటికి కనిపించేది కాదు. యంత్రంలా నడుచుకునే ప్రోగ్రాం అది. ఏ కంప్యూటర్ మీద పెట్టినా ఒకేలా పనిచేస్తుంది. నా కోబాల్‌ని దాని ఆదేశాల్లోకి మార్చే కంపైలర్ ఒకటి రాస్తే చాలు. పాత ప్రోగ్రాముల్లో అక్షరం ముట్టుకోనక్కర్లేదు.”

“లేని యంత్రానికి గ్రీజెక్కడ పెడతారే?” అన్నాను. కళ్లజోడు మళ్లీ తీయబోయింది. నేను బస్సు కిందికి జారుకున్నాను.

మేనేజర్ మూడు నెలలు గడువిచ్చాడు. షరతొక్కటే. కొత్త చార్టు పాత చార్టుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. లేదా ఆ రెడీమేడ్ సరుకే.

సరిచూడ్డానికి మనిషి కావాలిగా, మా బావ దొరికాడు. బావ టైలరు, ముందుగదే కొట్టు. సాయంత్రాలు అక్క కొత్త చార్టు చదివేది, బావ మిషను తొక్కుతూ పాత చార్టు చూసేవాడు. నోటి నిండా గుండుసూదులు, అందుకని సరిపోతే “ఊఁ” అనేవాడు. సూదులు తీశాడంటే తేడా ఉందన్నమాట. మొదటి నెలంతా తీసిన సూదులు మళ్లీ నోట్లో పెట్టుకోలేదు. ఆ ధ్యాసలో ఒకాయన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టి, ఆయనతో చీవాట్లు తిన్నాడు. అక్క మాత్రం ఒక్కో తేడా పట్టుకుని కంపైలర్ దిద్దుకుంటూ పోయింది.

గడువుకి వారం ఉందనగా నలభై ఒక్క మంది చార్టులు సరిపోయాయి. చివరివాడి దగ్గర బావ సూదులు తీశాడు.

“రెండున్నరకి నీ దాంట్లో నూరో ట్రిప్పుంది. ఇక్కడ ఖాళీ.”

ఆ ఖాళీ సంగతి డిపోలో డ్రైవర్లకీ, మెకానిక్కులకీ తెలుసు, అక్కకే తెలియదు. డ్రైవర్లు దాన్ని అక్కగంట అంటారు. వంతులవారీగా ఆరు వారాలకోసారి ఒక్కొక్కరికీ వస్తుంది. ఆ గంటలో ఒకడు తల్లిని కంటి డాక్టరుకి చూపించుకున్నాడు, ఒకడు కూతురి బడికెళ్లొచ్చాడు, ఇంకొకడు హాయిగా గుర్రుపెట్టాడు. ఆ ఎండలో రెండున్నర బస్సుకి ఈగ కూడా ఎక్కదు. అక్కే దయతలచి గుట్టుగా పెట్టిందని వాళ్ల నమ్మకం. పైకి అంటే ఎక్కడ పోతుందోనని అందరూ గప్‌చుప్. నేనూ అంతే.

రెండు రోజులకి అక్క ఆ తేడాకి కారణం పట్టుకుంది. మొదట్లో ఉన్నవి ఎనభై ట్రిప్పులే గనక, ట్రిప్పు నంబరుకి రెండంకెల చోటే ఇచ్చింది. నాలుగేళ్ల తర్వాత ట్రిప్పులు నూరయ్యాయి. నూరులో ముందున్న ఒకటి పట్టక రాలిపోయి, రెండు సున్నాలు మిగిలాయి. సున్నా అంటే పనేమీ లేదనుకుని ప్రోగ్రాం ఆ గడి ఖాళీగా వదిలేసేది. కొత్త కంపైలర్ ఎంత పెద్ద సంఖ్యకైనా చోటిచ్చింది, నూరు బయటపడింది.

“నాకంటే తెలివైన కంపైలర్ రాశాను. అదే తప్పు,” అని నవ్వి, రెండంకెలంటే రెండంకెలే అని దానికి నేర్పింది. చార్టు సరిపోయింది. బావ ఆఖరి “ఊఁ” అన్నాడు. నేను గంతేసినంత పని చేశాను.

“రేపు సార్‌కి చెప్పాలి, పాతదే తప్పని,” అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. “మతి పోయిందా నీకు? సంతకం పెట్టించుకుని ఊరుకోవే.”

“ఉన్నదున్నట్టు చెప్పడం కంపైలర్ పని. తప్పు దిద్దడం నా పని.”

ఇక దాచలేక అక్కగంట కథంతా చెప్పేశాను. కళ్లజోడు తీసింది, తుడవలేదు. కళ్లు తుడుచుకుంది.

“నేనిచ్చాననుకున్నారా వాళ్లు? ఇవ్వలేదురా. చూసుకోలేదంతే.”

మర్నాడు తోడుగా నేనూ వెళ్లాను. అక్క మేనేజర్ ముందు రెండు చార్టులూ పెట్టి, తన పొరపాటు మొదట్నుంచీ చెప్పింది.

“దిద్దడానికెంతసేపు?” అన్నాడాయన.

“పది నిమిషాలు సార్. దిద్దుతాను. కానీ ఆ గంట డ్రైవర్లకి ఉండాలి. ఇరవై రెండేళ్లు పొరపాటున ఇచ్చాను. ఇప్పుడు మిమ్మల్ని అడిగి ఇద్దామనుకుంటున్నాను.”

నోట్లో నాలుక లేదన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆయన ఫిర్యాదుల పుస్తకం తెప్పించి చాలాసేపు తిరగేశాడు. రెండున్నర బస్సు రాలేదని ఇన్నేళ్లలో ఒక్కరూ రాయలేదు. సంతకం పెట్టాడు.

సోమవారం లేని యంత్రం మీదే చార్టు అచ్చయింది. రెండున్నర గడిలో ‘విశ్రాంతి’ అని ఉంది. ఆ రోజు వంతు వచ్చిన ముసలి డ్రైవరు, ఇక దాచేదేముందనుకున్నాడేమో, టోపీ చేత్తో పట్టుకుని అక్క గదికొచ్చాడు.

“ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను. థాంక్సమ్మా,” అన్నాడు.

“పాతవాటికి వద్దు బాబాయ్,” అంది అక్క. “దీనికి తీసుకుంటాను. ఇది నేనే ఇచ్చాను.”