నిలబెట్టిన గోడ

మొన్న పక్కవీధిలో ఎవరో తొట్టెలో గుల్ల సున్నం నానబెడుతుంటే, ఉడికే నీళ్ళ ఆవిరితోపాటు లేచిన ఆ ఘాటు వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అరవై యేళ్ళ కిందట, మైపాడుకు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లెలో, ఆ వాసన వచ్చిందంటే పక్కింటి మస్తాన్‌బీ పిన్ని గోడలకు పూత మొదలుపెట్టిందని అర్థం.

గాలివానకు గుడిసెలన్నీ కొట్టుకుపోయాక ప్రభుత్వం వారు మాకు వరసగా పన్నెండు పెంకుటిళ్ళు కట్టించారు. కంట్రాక్టరు సముద్రపు ఇసుకే తెచ్చి కలిపించాడట. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడలు ఉప్పు ఉబికి, గోటితో గీరితే పిండిలా రాలేవి. ఉప్పు కొటార్లలో కూలి చేసి అలిసి వచ్చే మా నాన్నకు, మా ఇంటి గోడ ఒరుగుతున్నా పట్టించుకునే ఓపిక ఉండేది కాదు. పిన్ని, తెరచాపలు కుట్టే ఆమె భర్త ఖాదర్ సాయిబు మాత్రం ఏటా ఎండాకాలం గుల్లలు కాల్చి సున్నం చేసి, పగుళ్ళు పూడ్చి, లోపలివైపు తాటి మొద్దులు ఊతం పెట్టేవాళ్ళు. ఆ గుల్లలు ఏరేది వాళ్ళ కూతురు జైబూన్, నేను. రంజాన్ నాడు వాళ్ళింటి సేమ్యా పాయసం, వినాయక చవితికి మా ఇంటి కుడుములు వాళ్ళ గోడ నీడలోనే పంచుకు తినేవాళ్ళం, ఎండ మండేటప్పుడు ఇద్దరం దానికి చెంపలు ఆనించి కళ్ళు మూసుకునేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు, చెడిపోయిన ఇళ్ళు మళ్ళీ కట్టుకోవడానికి ప్రభుత్వం సాయం చేస్తుందని ఒక ఆఫీసరు వచ్చారు. మా ఒరిగిన గోడ చూడగానే నాన్న పేరు రాసుకున్నారు. పిన్ని ఇంటి ముందు ఆగి, తెల్లటి గోడను అరచేత్తో తట్టి, “ఇది నిక్షేపంగా నిలబడి ఉంది కదమ్మా” అన్నారు.

“అది నిలబళ్ళేదు సార్, మేం నిలబెట్టినాం. లోపలంతా పిండే. కావాలంటే ఈ అన్నను అడగండి” అంది పిన్ని, నాన్నను చూపిస్తూ.

పేర్లు ఎక్కువైతే రాసినవి కూడా కొట్టేస్తారని పొద్దుటి నుంచీ వీధంతా గుసగుసలు. నాన్న గొంతు సవరించుకుని, “నాకు తెలవదు సార్” అన్నాడు. అంతకుముందు యేడు ఆ గోడకు తాటి మొద్దు ఎత్తి పట్టినవాళ్ళలో నాన్న కూడా ఉన్నాడు. పిన్ని ఆయన్ని ఒక్కసారి చూసి, తలమీది కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

వేసవిలో మా ఇల్లు ఏటి ఇసుకతో గట్టిగా లేచింది. ఆ కార్తీకంలో మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. మూడోనాడు మధ్యాహ్నం అమ్మ వేరుశెనక్కాయలు వేయించి, జైబూన్‌ను పిలుచుకు రమ్మంది. నేను గడప దాటకముందే దబ్బుమని చప్పుడైంది. పిన్ని వాళ్ళ గోడ ఒక పక్కకు ఒరగను కూడా లేదు, ఉన్నచోటే కూలబడింది. నాన్న చేతులతోనే తవ్వాడు, గోళ్ళు చిట్లి నెత్తురు కారుతున్నా ఆపలేదు. ఆలస్యమైపోయింది. బయటికి తీసిన జైబూన్ జుట్టు నిండా తెల్లటి సున్నం.

నెల తిరక్కముందే ఆ ఆఫీసరే మళ్ళీ వచ్చారు. “ఇప్పుడు పడిపోయింది గనక రాసుకుంటామమ్మా” అన్నారు, తల వంచుకుని.

“ఇప్పుడెవురుండేదానికి సార్?” అంది పిన్ని.

ఖాదర్ సాయిబుతో కలిసి కృష్ణపట్నంలో వాళ్ళ చుట్టాల దగ్గరికి పోతూ బండి ఎక్కేముందు నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నాన్న ఎదురొచ్చి “అమ్మా” అంటే మాత్రం ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు మా పల్లెలో ఆ పన్నెండు ఇళ్ళలో ఒక్కటీ లేదు. మోటారు పడవలొచ్చాక తెరచాపలు కుట్టేవాళ్ళూ లేరు, గుల్లలు ఏరే పిల్లలూ లేరు. పిన్ని ఇల్లున్న చోట ఇసుక మేట వేసింది. ఆ పక్కనే నాన్న చివరిదాకా ఉన్న మా ఇల్లు కూడా పోయినేడు పడగొట్టారు. వాన మొదలైతే నాన్న ఆ ఇంట్లో నుంచి లేచిపోయి వాకిట్లో తడుస్తూ నిలబడేవాడు. అమ్మ ఎంత పిలిచినా, వాన వెలిసేదాకా లోపలికి వచ్చేవాడు కాదు.