కూలిన రైలింజను పక్కన దమ్ బిర్యానీ

కొత్తగా సౌదీ వచ్చిన ఆ రోజుల్లో నాకు పట్టుదల ఎక్కువ, బుద్ధి కొంచెం తక్కువ. (ఇప్పుడు రెండూ సమానంగా తగ్గాయని మా ఆవిడ అంటుంది.) అల్ ఉలా దగ్గర రోడ్లు వేసే కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేరి ఏడాది కావస్తున్నా, స్టోరూ క్యాంపు గదీ తప్ప నేను చూసిందేమీ లేదు. అప్పుడు మా వ్యాను డ్రైవరు కడప భాయ్ ఓ మాట చెవిన వేశాడు. టర్కీ వాళ్లు మదీనా దాకా వేసిన రైలు మార్గాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ల మీద తిరగబడ్డ అరబ్బులు పేల్చేశారట, అప్పుడు కూలిన ఇంజనొకటి ఇప్పటికీ ఎడారిలో అలాగే పడి ఉందట. అంతే, శుక్రవారం సెలవునాడు దాన్ని చూసి తీరాల్సిందేనని అందరి వెంటా పడ్డాను. మెస్సులో వంట చేసే గోదావరి బాబాయ్‌కి యుద్ధాలతో పని లేదు. "దమ్ బిర్యానీ నేనట్టుకొత్తాను. ఇంజను పక్కనే మూత తియ్యాలి. దార్లో ఎవడన్నా చెయ్యెట్టాడో, ఊరుకునేది లేదు" అని షరతు పెట్టాడు. బిర్యానీ మాట వినగానే నెల్లూరు వెల్డరు వ్యాను ఎక్కి కూర్చున్నాడు.

తారు రోడ్డు దిగి చాలాసేపు పోయాక ఇంజను దూరంగా నల్లటి చుక్కలా కనిపించింది. నేను కేక పెట్టానో లేదో, వ్యాను ఇసుకలో కూరుకుపోయింది. తవ్వాం, తోశాం. ఇంకా లోతుకు దిగింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. "రోడ్డు కాడికి నడిసిపోదాం సామీ, ఎవురన్నా లాగుతారు" అన్నాడు భాయ్. "అట్లెట్ల భాయ్? గింత దూరమొచ్చి చూడకుండ పోతమా? మీరు రాకున్నా నేను పోత" అన్నాను. నన్నొక్కణ్ణే వదలడం ఇష్టం లేక ముగ్గురూ కదిలారు. వ్యానులోని పొడవాటి చెక్కపలక మీద బిర్యానీ గిన్నె, చాపలు, నీళ్ల క్యాన్లు వరసగా పేర్చి, ఇసుక పడకుండా పైన తెల్ల దుప్పటి కప్పాం. నాలుగు మూలలూ నలుగురం భుజాన ఎత్తుకున్నాం. చూసేవాళ్లకు ఎలా కనిపిస్తున్నామో మాకు తట్టలేదు.

కాసేపటికి దుమ్ము రేపుకుంటూ ఓ పికప్పు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన ముసలి బదూ, ఆ ఎడారి తెగల మనిషి, మమ్మల్ని ఏమీ అడగకుండా నెల్లూరు వెల్డర్ని పక్కకు తప్పించి, పలక కింద తన భుజం పెట్టి, పెదవులు కదుపుతూ నడవసాగాడు. నాలుగడుగులేశాక మెల్లిగా, "మీన్ మాత్?" అన్నాడు. పోయిందెవరని ఆయన అడుగుతుంటే, లోపల ఏముందని అడుగుతున్నాడనుకున్న బాబాయ్ తనకు వచ్చిన ఒకే ఒక్క అరబ్బీ ముక్క వాడేశాడు. "దజాజ్! దజాజ్!" (కోడి!) పెద్దాయన నిలబడిపోయి దుప్పటి అంచు ఎత్తి చూశాడు. మసాలా వాసన గుప్పుమంది. ఇసుకలో చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. పికప్పులో ఎక్కమన్నా, ఎత్తుకున్నాక మోసుకునే పోదామని నేను మొండికేస్తే ఇంజను దాకా తనూ మోశాడు.

తుప్పుపట్టి ఓ పక్కకు ఒరిగిన ఇంజను నీడలో బాబాయ్ మూత తీశాడు. అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నాం. పెద్దాయన చెబుతుంటే భాయ్ తెలుగులో చెప్పాడు. "ఈయప్ప నాయనకు నాయన టర్కీ వాళ్ల తరపున ఈ పట్టాలకు కాపలా ఉన్న్యాడంట. అమ్మకు నాయనేమో వీటి కిందనే పేల్చే మందు పెట్టినాడంట."

"అయితే మరి?" అన్నాను.

"యుద్ధమైనాక వియ్యంకులైనారంట. పెండ్లిలో ఇద్దుర్నీ ఒకే పళ్లెం ముందర కూసోబెడితే శానాసేపు ఎవురూ చెయ్యి పెట్టల్యాదంట. కడాకు ఆకలే గెలిచిందంట."

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. అది తాతల తలపో, బాబాయ్ వేసిన పచ్చిమిర్చో తెలియదు. నేను లేచి ఇంజను చక్రం మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాగి వెచ్చగా ఉంది. సాయంత్రం ఆయనే తాడు కట్టి మా వ్యానును బయటికి లాగాడు.

ఇప్పుడు రియాద్‌లో ఉంటున్నాను, ఎడారికి పనికొచ్చే పెద్ద జీపూ ఉంది. మొన్న ఆఫీసు పిల్లలు ఎడారికి రమ్మంటే దారెటు, టైర్లలో గాలెంత, చీకటి పడేలోగా వస్తామా అని నేనడిగిన ప్రశ్నలకు జడిసి, నన్ను వదిలేసి వెళ్లిపోయారు. మంచి పని చేశారనిపించింది. ఆనాటి నేనైనా అదే చేసేవాణ్ణి.